రెండు వరుసల మరమ్మతు

మన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోను మొదలుకొని ప్రపంచంలోని సర్వర్లలో అధిక భాగం దాకా అడుగున ఉండి నడిపించేది లినక్స్ కెర్నల్. ఏ ప్రోగ్రాముకు ఎంత మెమరీ ఇవ్వాలో, ఎవరు ఏ ఫైలు ముట్టుకోవచ్చో తేల్చేది అదే. అందులో భద్రతా లోపం ఉంటే, ఏ అధికారమూ లేని మామూలు ప్రోగ్రాము యంత్రం మొత్తానికి యజమాని అయి కూర్చోగలదు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ఈ కెర్నల్‌ను మొదలుపెట్టినప్పటి నుంచి, ఇలాంటి లోపాలను వెతికి సరిచేసే ఒక సంప్రదాయం దాని చుట్టూ పెరిగింది. ఆ సంప్రదాయం ఎలా పనిచేస్తుందో ‘డర్టీ పైప్’ అనే లోపపు ఉదంతంలో స్పష్టంగా కనిపిస్తుంది.

జర్మనీలో వెబ్ హోస్టింగ్ రంగంలో పనిచేసే మాక్స్ కెల్లర్‌మన్‌కు 2021లో ఒక ఫిర్యాదు అందింది. దించుకున్న లాగ్ ఫైలు విప్పబోతే తెరుచుకోవడం లేదట. అలా చెడిన ఫైళ్లు మరికొన్ని బయటపడ్డాయి. వాటి చివర ఎనిమిది బైట్లు మారిపోయి ఉన్నాయి. ఆ బైట్లు జిప్ ఫైలులో ఉండవలసినవి. లాగ్ ఫైళ్లను కలిపి జిప్ తయారుచేసే ప్రోగ్రాముకు చూస్తే వాటిని చదివే అనుమతి తప్ప వాటిలో రాసే అనుమతి లేదు. అనుమానం కెర్నల్ మీదికి మళ్లింది.

ఇక్కడే మొదటి మెళకువ ఉంది. పెద్ద వ్యవస్థలో ఎప్పుడో ఒకసారి కనిపించే తప్పును, ఎప్పుడు నడిపినా కనిపించేంత చిన్న ప్రోగ్రాములోకి తేవాలి. కెల్లర్‌మన్ రెండు బుల్లి ప్రోగ్రాములు రాశాడు. ఒకటి ఫైలులో ‘ఎ’ అక్షరాలు రాస్తుంది. రెండోది ఆ ఫైలును ఒక పైప్‌లోకి, అంటే ప్రోగ్రాముల మధ్య డేటా చేరవేసే గొట్టంలోకి పంపి, ఆ పైప్‌లోనే ‘బి’ అక్షరాలు రాస్తుంది. రెండోదానికి ఫైలులో రాసే హక్కు లేదు. అయినా ఫైలులో ‘బి’లు వచ్చిపడ్డాయి.

రెండో మెళకువ, తప్పు ఎప్పుడు చొరబడిందో కనుక్కోవడం. లోపం లేని పాత కెర్నల్‌కూ, లోపమున్న కొత్తదానికీ మధ్య 1,85,000కు పైగా మార్పులు జరిగాయి. వాటిని సగానికి సగం తెగ్గోస్తూ పరీక్షించే ‘గిట్ బైసెక్ట్’తో 17 అడుగుల్లోనే 2020 నాటి ఒక మార్పు దగ్గరికి చేరుకోవచ్చు. కానీ అసలు మూలం అంతకన్నా పాతది. పైప్‌లోని ఒక ఫ్లాగుకు, అంటే స్థితిని తెలిపే గుర్తుకు, తొలి విలువ ఇవ్వడం 2016లోనే మరిచిపోయారు. 2020 మార్పు ఆ మరుపును ప్రమాదంగా మార్చింది. పాత వాడకం నుంచి మిగిలిపోయిన ఫ్లాగును నమ్మి, కెర్నల్ కొత్త రాతను నేరుగా ఫైలు తాలూకు మెమరీలోకి వదిలేసింది. లక్షణం బయటపడిన చోట ఆగకుండా మూలం దాకా వెళ్లడం ఈ విద్యలో ప్రధానం. అందుకే ప్యాచ్‌లో, అంటే లోపాన్ని దిద్దే కోడ్ సవరణలో, ఏ మార్పువల్ల తప్పు వచ్చిందో పేర్కొనే ఆనవాయితీ ఉంది. ఈ ప్యాచ్ 2016 మార్పునే వేలెత్తి చూపింది.

మరమ్మతు రెండే వరుసలు. రెండు చోట్ల ఆ ఫ్లాగును సున్నా చేశారు.

2022 ఫిబ్రవరి 20న వివరాలు కెర్నల్ భద్రతా బృందానికి చేరాయి. ప్యాచ్‌ను బహిరంగ సమీక్షకు పెట్టినా, దాడికి దారి చూపే వివరాలు అందులో రాయలేదు. 23న సరిచేసిన కెర్నళ్లు విడుదలయ్యాయి. మర్నాడు గూగుల్ ఆ ప్యాచ్‌ను ఆండ్రాయిడ్ కెర్నల్‌లో కలిపింది. మార్చి 7న మొత్తం కథ లోకానికి చెప్పారు. ముందు వాడుకరుల రక్షణ, ఆ వెంటనే పూర్తి నిజం. ఈ వరుసే ఈ సంప్రదాయానికి నైతిక బలం.

అన్నిసార్లూ పని ఇంత తేలిగ్గా ముగియదు. 2016లో సరిచేసిన ‘డర్టీ కౌ’ లోపం కనీసం 2007 నుంచీ కెర్నల్‌లో ఉంది. చదవడానికి మాత్రమే ఇచ్చిన మెమరీ పేజీలో రాయబోతే కెర్నల్ విడిగా నకలు తీసి ఇవ్వాలి. నకలు తీయడం, అందులో రాయడం అనే రెండు పనుల మధ్య దొరికే క్షణంలో అసలు పేజీ మీదే రాయించవచ్చని తేలింది. దాన్ని సరిచేసిన టోర్వాల్డ్స్, పదకొండేళ్ల క్రితం తానే ఈ తప్పును సరిగా దిద్దలేకపోయానని ప్యాచ్ సందేశంలో బాహాటంగా రాశాడు. ఆ కొత్త మరమ్మతు కూడా పెద్ద పేజీల విషయంలో చాలలేదని 2017లో తేలి, మళ్లీ సరిచేయవలసి వచ్చింది. ప్యాచ్ వేయడంతో పని అయిపోదని, దాన్నీ అంతే అనుమానంతో పరీక్షించాలని ఈ ఉదంతం నేర్పింది.

ఆ అనుమానానికి ఇప్పుడు పరీక్షా సాధనాలూ తోడయ్యాయి. కెర్నల్‌కు అడ్డదిడ్డమైన అభ్యర్థనలు ఎడతెగకుండా పంపే సిజ్‌కాలర్, మెమరీని తప్పుగా తాకిన చోటును పట్టిచ్చే కేసాన్ ఎన్నో లోపాలను దాడిగాళ్లకంటే ముందే బయటపెట్టాయి. అయినా చివరికి ప్యాచ్ మీద మనిషి పేరు ఉండాలి. ఎవరు చెప్పారు, ఎవరు రాశారు, ఎవరు సమీక్షించారు, ఎవరు పరీక్షించారు అన్నవి అక్కడ శాశ్వతంగా నిలుస్తాయి.

ఈ ప్యాచ్ సందేశాలన్నీ ఎవరైనా ఉచితంగా చదవగలిగినవే. మన ఇంజినీరింగ్ విద్యార్థులు వారానికి ఒక్క ప్యాచ్ అయినా అర్థమయ్యేదాకా చదవాలి. మిగిలినవాళ్లం చేయవలసింది ఇంకా చిన్న పని. ఫోను భద్రతా అప్‌డేట్ వచ్చిందని చెప్పినప్పుడు ‘తర్వాత చూద్దాం’ అనకండి. ఎంత గొప్ప మరమ్మతయినా మీ ఫోనులోకి చేరేదాకా మిమ్మల్ని కాపాడలేదు.