చెరువుగట్టు మీది గీత

గంగారం దగ్గర గోదావరి గొట్టాల్లోకి దిగి, గుట్టలెక్కి, గట్లు దాటి, ఊపిరి బిగబట్టి నీ ఊరికి వస్తుంది, బిడ్డా. పల్లానికి పారడమే తెలిసిన నీరు దేవాదుల ఎత్తిపోతలతో ఎక్కడం నేర్చుకొని, ధర్మసాగర్ చెరువులో ఒళ్లు వాల్చి, ఓరుగల్లు గొంతు తడుపుతుంది. ఆ నీటి ఒడ్డున, ఒడిలో బొమ్మల పుస్తకంతో, నువ్వు. అలది ఒక గీత. గట్టుది ఒక గీత. గట్టు మీద సాగిపోయే గొర్రెల మందది దుమ్ములో చెరిగిపోయే ఒక గీత. ఇనుపరాతి గుట్టల వీపు మీద పొద్దు గీసే ఎర్రటి అంచు మరో గీత. అన్నీ నీ పెన్సిలు మొన దగ్గరికి, మేత వేసే చేతి దగ్గరికి కోడిపిల్లల్లా, పరుగుపరుగున వస్తాయి.

నీకు పేరు పెట్టను. పెడితే నువ్వు ఒక్కదానివే అయిపోతావు. కాజీపేటలో రైలెక్కి, గొట్టంలో చుట్టిన కాగితాలు నలగకుండా గుండెకు హత్తుకొని, హైదరాబాదు మాసాబ్ ట్యాంకులో అప్లైడ్ ఆర్ట్ నేర్చుకోవడానికి వెళ్లే పిల్లలందరిలో నువ్వున్నావు. సెలవులకు ఊరొచ్చి, సంచి దించకముందే గోడల వంక చూసే పిల్లలందరి చూపులో నువ్వున్నావు.

నీ చదువును గ్రాఫిక్ డిజైన్ అంటారు. నేను మాత్రం దాన్ని మీ వాకిట్లో చూశాను. కళ్లాపి చల్లిన నేల ఇంకా తడిగా ఉండగానే, మీ అమ్మ చుక్కలు లెక్కపెట్టి పెడుతుంది. చుక్కను తాకకుండా చుక్క చుట్టూ తిరిగి, మెలికలో మెలిక వేసి, బయల్దేరిన చోటికే గీతను క్షేమంగా తీసుకొస్తుంది. జాజు పూసిన అరుగు మీద ఆ తెలుపు ఎంత తెల్లగా ఉంటుందో! ఎరుపు పక్కన తెలుపు ఎందుకు మెరుస్తుందో నీకు ఏ రంగుల చక్రమూ ముందు చెప్పలేదు, అరుగు చెప్పింది. పెత్రమాస నాడు ఎంగిలిపూల బతుకమ్మ పేర్చేటప్పుడు గునుగు కట్టలను రంగునీళ్లలో ముంచి, తంగేడు పసుపు మీద ఎక్కడ పెట్టాలో, కట్లపూల నీలాన్ని ఎక్కడ ఆపాలో, బంతిని ఎంత ఎత్తున నిలపాలో నీ వేళ్లకు నేర్పింది ఆ తాంబాళమే. వరస మీద వరస, వలయం మీద వలయం. కింద విశాలం, పైన శిఖరం, నడినెత్తిన గౌరమ్మ. తొమ్మిది నాళ్లు అంత అందంగా పేర్చి, చివరికి చెరువుకే ఇచ్చేసే చేతుల మధ్య పెరిగావు. అందుకేనేమో, గీసినదాన్ని నాదని పట్టుకొని కూర్చోవడం నీకు రాదు.

అక్షరాల దగ్గరికి వచ్చేసరికి నువ్వు మారిపోతావు తల్లీ. గొంతు తగ్గుతుంది, ఊపిరి నెమ్మదిస్తుంది. తలకట్టును తలకట్టుగానే చూస్తావు, పొలానికి బయల్దేరిన రైతు నెత్తిన రుమాలులా. గుడిలో దీపం పెట్టినట్టు గుడి పెడతావు. కొమ్ము దూడ కొమ్ములా లేతగా మొలవాలంటావు. సున్నలో చెరువు నిండాలంటావు. మన లిపి ఒళ్లంతా వంపులే, వాగులే, వడ్ల గింజలే. దానికి కోణాలు తొడిగితే గుచ్చుకుంటుందంటావు. ఇంగ్లీషు అక్షరానికి కొలిచిన అంగీ తెలుగుకు తొడిగితే ఒత్తులకు ఊపిరాడదని, పై వరస కాళ్లు కింది వరస నెత్తిన పడతాయని, రాత్రంతా వరసకూ వరసకూ నడుమ వెంట్రుకవాసి చోటు కోసం కొట్లాడతావు. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరంలో పైన గుడిదీర్ఘం, నడుమ సకారం, కింద తకారపు ఒత్తు, దాన్ని ఒడిసి పట్టుకున్న రకారపు ఒత్తు. ఇంత బరువును ఇంత సొగసుగా మోసే అక్షరం ఇంకెక్కడుందని అడుగుతావు. దారి పొడుగునా ఫ్లెక్సీల మీద అక్షరాలను సాగదీసి, నొక్కి, మూడేసి నీడలు తొడిగి నిలబెడితే నీ కళ్లలో నీళ్లు తిరుగుతాయి. నా కళ్లలోనూ.

నీ గీతకు తాతలున్నారు. ఓరుగల్లు కోటలో గుడి కూలింది, గుమ్మాలు కూలలేదు. నాలుగు దిక్కులా నాలుగు కాకతీయ తోరణాలు, తలుపులు లేని వాకిళ్లు, ఆకాశాన్ని రమ్మని పిలుస్తూ నిలిచే ఉన్నాయి. శతాబ్దాల ఆ రాతి బరువును ఒక గుండ్రంలోకి దించి, చార్మినార్‌ను దాని కడుపులో పెట్టి, 2014 జూన్ 2న పుట్టిన రాష్ట్రానికి ముద్రగా ఇచ్చాడు కదిరేనిగూడెం నేతన్నల బిడ్డ ఏలె లక్ష్మణ్. ఓరుగల్లు జిల్లా నుంచే వెళ్లిన చిత్రకారుడు చంద్ర కథలకు బొమ్మలై, పుస్తకాలకు అట్టలై, 2021లో వెళ్లిపోయాక కూడా మన బీరువాల్లో మసలుతూనే ఉన్నాడు. దేశికాచారి తాను దిద్దిన కంప్యూటరు అక్షరాలకు మన బమ్మెర పోతన పేరు పెట్టి ఊరందరికీ ఊరికే ఇచ్చాడు. పోతన పేరుకు అంతకన్నా తగిన పని ఏముంది?

ఇక చేర్యాల. ఆ పేరు పలికితేనే నాకు ఎరుపు కనిపిస్తుంది. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పూసి పూసి ఆరబెట్టి, ఉడుత వెంట్రుకల కుంచెతో నకాషీలు గీసే ఆ పటం మీద నీ చెయ్యి ఆనించి చాలాసేపు ఉండిపోతావు. మూరల కొద్దీ పొడుగు. గడి కింద గడి, గడి కింద కథ. కూనపులివారు విప్పితే పద్మశాలీల మార్కండేయుడు లేస్తాడు, డక్కలివారు విప్పితే మాదిగల జాంబవంతుడు లేస్తాడు. ఎవరి పుట్టుక వారికి, ఎవరి గౌరవం వారికి, బొమ్మ కట్టి చూపించిన పటం. చదువు రానివాళ్లను చిన్నబుచ్చని పటం. ఎవరికోసం గీస్తున్నామో వాళ్ల ముఖం ఎరిగి గీసిన గీత అది. నీ గీతలోనూ ఆ నెత్తురే.

అందుకే నీ పనికి ఒక ఇల్లు లేదు, ఊరంతా ఇల్లే. పొద్దున కొత్తవాడ దర్రీలకు చీటీ దిద్దుతావు, నేత నడకను అక్షరం నడకలోకి తెచ్చి. మధ్యాహ్నం అంగన్‌వాడీ గోడకు సున్నం కొట్టి, 'అ'కు అరటిగెల వేలాడదీస్తావు. సాయంత్రం చాయ్ బండికి పేరు రాస్తావు. చాయ్ బండి అన్నకు ఆ పేరు తన కూతురిది కనుక, ఆ పిల్ల నవ్వు ఎలా ఉంటుందో అడిగి మరీ ఆ నవ్వును ఏత్వంలో పెడతావు. రాత్రి ఒక పెళ్లిపత్రిక, ఒక మట్టి గణపతి పోస్టరు, ఒక పాట పుస్తకం అట్ట. వేళ్ల సందుల్లో ఎండిన రంగుతోనే అన్నం కలుపుకొంటావు. ఏ రంగు ఏ పనిదో ఆ చేతికే తెలియదు.

అన్నిటిలోకీ నాకు ప్రాణమైనది ఆ చిన్న రేకు పలక. చెరువులో నీళ్లు నిండి, నిన్నటి ఒడ్డు ఇవాళ నడుము లోతైన రోజుల్లో, మెట్టు పక్కన నువ్వు పాతింది. దాని కోసం ఎన్ని కాగితాలు చించావు! 'ప్రమాదం' అన్న మాటను ముందు పెద్దగా రాశావు, తరువాత చిన్నగా, ఆఖరికి పక్కకు జరిపావు. నడుమ ఒకే ఒక బొమ్మ మిగిలింది: బిందె చంకనెత్తుకున్న ఒక మనిషి, మనిషి మెడ దాకా నీలం, నీలంలో మూడు అలల గీతలు. ముగ్గు గీతలంత సాదా.

ఆ సాయంత్రం ఒక ముసలవ్వ బట్టల మూటతో వచ్చింది. పలక ముందు నిలబడింది. అక్షరాల మీద ఆమె చూపు ఆగలేదు, అవి ఆమెకు ఎన్నడూ ఎవరూ ఇచ్చినవి కావు. బొమ్మ మీద ఆగింది. చెయ్యెత్తి ఆ నీలాన్ని తన మెడ దగ్గర కొలుచుకుంది.

"ఈడ లోతున్నట్టుంది బిడ్డా," అని, చెప్పులు చేతబట్టుకొని, మూట సర్దుకొని, అవతలి రేవుకు నడిచింది.