ధ్యానమూ, కళాసృష్టీ

ధ్యానం వల్ల సృజనశక్తి పెరుగుతుందన్న మాట పాతదే. దానికి ఈనాడు లభిస్తున్న ప్రచారం మాత్రం కొత్తది. రచయిత కాదలచిన యువకుడికి నాలుగు పుస్తకాలు చదవమనీ, నాలుగూళ్ళు తిరగమనీ చెప్పేవారు తగ్గిపోయి, రోజూ 20 నిమిషాలు కళ్ళు మూసుకు కూర్చోమని చెప్పేవారు ఎక్కువవుతున్నారు. దీనికి మన శిబిరంలో సాధారణంగా వినిపించే సమాధానం ఒకటే: ఇది మార్మికత, పలాయనవాదం, కనుక త్రోసిపుచ్చవలసిందే. ఈ సమాధానంలో సగమే నిజముంది. మిగిలిన సగం తేల్చుకోకపోతే, కళాకారుడి అంతరంగాన్ని గురించి మాట్లాడే హక్కును ఆశ్రమాలకు రాసి ఇచ్చినవాళ్ళమవుతాం.

మొదట మన పూర్వులేమన్నారో చూద్దాం. "సమాధి" అనే మాటను కాళిదాసు ఎక్కడ వాడాడో గమనించదగ్గది. మాళవికాగ్నిమిత్రంలో అగ్నిమిత్రుడు మాళవికను ముందు చిత్రపటంలోనే చూస్తాడు. అసలు మనిషి అంత అందంగా ఉండదేమోనని శంకిస్తాడు. రెండో అంకంలో ఆమె నాట్యానికి రంగం మీదికి వచ్చేసరికి, బొమ్మే ఆమెకు సరితూగలేదని తేలిపోతుంది. అప్పుడతను చేసే నిర్ణయం: ఆ చిత్రకారుడి సమాధి సడలింది! ఇక్కడ సమాధి అంటే లోకం నుంచి కళ్ళు మూసుకోవడం కాదన్నది స్పష్టమే. ఎదుటనున్న మనిషి మీద చూపు నిలపడమే సమాధి. ఆ చూపు సడలితే బొమ్మలో లోపం వస్తుంది. ఆ లోపం పట్టుబడేది కూడా అసలు మనిషితో పోల్చినప్పుడే. కళాకారుడి ధ్యానానికి పరీక్ష బయట ఉందని కాళిదాసుకు తెలుసు.

వామనుడు ఇంకా కచ్చితంగా మాట్లాడాడు. కావ్యానికి సాధనాలను లెక్కపెడుతూ ఆయన మొదట లోకాన్ని, తర్వాత విద్యలను, ఆ తర్వాత మిగతావాటిని చెప్పాడు. ఆ మిగతావాటిలో ఉత్తమ కావ్యాలతో పరిచయం, రచనలో పూనిక, పెద్దల శుశ్రూష, పదాలను పెట్టి తీసి చూడడం, ప్రతిభానం అన్నీ అయ్యాక చిట్టచివర వస్తుంది అవధానం, అంటే చిత్తైకాగ్రత. ఏకాగ్రత అవసరమే. కానీ దానికి ముందు ఒక లోకం, ఒక చదువు, ఒక పనితనం ఉండాలి. ఈనాటి ధ్యానవాదులు చేసే పని ఈ జాబితాను తలక్రిందులు చేయడం. ఆఖరిదాన్ని మొదటికి తెచ్చి, తక్కినవన్నీ దానంతటవే వస్తాయనడం.

రాజశేఖరుడు కావ్యమీమాంసలో ఈ వివాదాన్నే ఎత్తుకున్నాడు. కవికి సమాధే ప్రధానమని శ్యామదేవుడి పక్షం, అభ్యాసమే ప్రధానమని మంగళుడి పక్షం. సమాధి లోపలి ప్రయత్నం, అభ్యాసం వెలుపలి ప్రయత్నం. రెండూ కలిసి కవిలోని శక్తిని ప్రకాశింపజేస్తాయని ఆయన తీర్పు. ఆ శక్తికి మూలమేమిటన్నదాంట్లో మనం ఆయనతో విభేదించవచ్చు. కానీ సమాధిని ఆయన ప్రయత్నమన్నాడు. అంటే అది శ్రమ. ఊరికే కూర్చుంటే పైనుంచి దిగివచ్చే అనుగ్రహం కాదు.

ఆదికవి కథ మాత్రం ఏం చెబుతోంది? వాల్మీకి ధ్యానంలో కూర్చుని రామకథనంతా దర్శించాడనడం నిజమే. కానీ ఆ కూర్చోవడం ఎప్పుడు? నారదుడి నోట కథ విన్న తర్వాత. వేటగాడి బాణానికి పక్షి కూలడం కళ్ళారా చూసిన తర్వాత. ఆ శోకం శ్లోకమైన తర్వాత. ఈ వరసను మార్చి చెప్పేవారు కథను సగం చదివినవారు.

ఇక్కడొక ప్రశ్న తప్పదు. ఆ ఏకాగ్రత ఎవరికి దొరుకుతుంది? దానికి ఏకాంతస్థలమూ, రాత్రి నాలుగోజామూ కావాలని వామనుడే అన్నాడు. పిండిమరలు రాకముందు మన పల్లెల్లో ఆ నాలుగోజామున మేలుకుని ఉన్నదెవరు? తిరగలి ముందు కూర్చున్న ఆడవాళ్ళు. వాళ్ళకు ఏకాంతం లేదు, తీరిక లేదు. అయినా తిరగలి పాటలు పుట్టాయి, దంపుళ్ళ పాటలు పుట్టాయి. చేతి విసురుకు గొంతు కలిసి, ఆ లయలో మనసు ఒక్కచోట నిలిచింది. శ్రమలయకూ కవిత్వానికీ ఉన్న సంబంధాన్ని జార్జి థామ్సన్ చక్కగా వివరించాడు. ధ్యానానికి శ్వాస ఎటువంటిదో ఆ పాటకు తిరగలి అటువంటిది. తేడా ఏమిటంటే, ధ్యాని శ్వాసను చూస్తూ ఆగిపోతాడు. ఆమె తన అత్తింటినీ, పుట్టింటినీ, సీతమ్మ కష్టాలనూ అందులోకి లాగింది. ఏకాంతం కొందరి ఆస్తిగా ఉన్న సమాజంలో, దాన్ని అందరికీ ఉచితంగా దొరికే ఔషధమని అమ్మజూపడం పచ్చి మోసం.

ప్రతివాదులు గట్టి ఉదాహరణ ఒకటి చూపుతారు: 1968లో రిషీకేశ్‌కు వెళ్ళిన బీటిల్స్ బృందం. మహేశ్ యోగి ఆశ్రమంలో ఉన్న కొద్ది వారాల్లో వాళ్ళు ఎన్నో పాటలు కట్టారు. వాటిలో చాలా భాగం ఆ ఏడాది నవంబరులో వచ్చిన జంట రికార్డులో చేరాయి. ఇది కాదనరాని వాస్తవం. అయితే ఆ పాటలు ఎలా వచ్చాయి? ఏళ్ళ తరబడి కచేరీలతో, విలేఖరులతో, అభిమానుల గుంపులతో నలిగిన వాళ్ళకు అక్కడ తీరిక దొరికింది. చేతిలో గిటార్లున్నాయి. తోటి గాయకుడు డానవన్ అక్కడే జాన్ లెనన్‌కు తీగలను వేళ్ళతో మీటే ఒక పద్ధతి నేర్పాడు. ఆ పనితనం తర్వాతి పాటల్లో వినిపిస్తుంది. ఇక "డియర్ ప్రూడెన్స్" సంగతి చూడండి. ధ్యానంలో మునిగి గదిలోంచి బయటికే రాని ఒక సాధకురాలిని, బయటికి వచ్చి లోకాన్ని చూడమని లెనన్ పిలిచిన పాట అది. ధ్యానకేంద్రంలో పుట్టిన మంచి పాట ధ్యానం చాలించి రమ్మనే పాట కావడంలో గొప్ప సత్యముంది.

2025లో మరణించిన అమెరికన్ దర్శకుడు డేవిడ్ లించ్ తన ఆలోచనలకు ధ్యానమే దారి చూపిందని 2006లో ఒక పుస్తకమే రాశాడు. ఆయన నిజాయితీని శంకించనక్కరలేదు. కానీ ఆయన ధ్యానం మొదలుపెట్టింది 1973లో. ఆయన మొదటి చిత్రం "ఇరేజర్‌హెడ్" చిత్రీకరణ ప్రారంభమైంది 1972లో. ఆ చిత్రంలోని పొగ, యంత్రాల రొద, భయం ఫిలడెల్ఫియా అనే పారిశ్రామిక నగరంలో ఆయన బతికిన రోజుల నుంచి వచ్చినవి. ధ్యానం ఆయనకు నిలకడ ఇచ్చి ఉండవచ్చు. వస్తువును ఇచ్చింది మాత్రం ఆ నగరమే.

శాస్త్రజ్ఞుల మాటా చెప్పుకుందాం. 2012లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, మనసుకు తోచిన ప్రతిదాన్నీ అడ్డుపెట్టకుండా గమనించే రకం ధ్యానం తర్వాత సాధకులకు కొత్త ఊహలు ఎక్కువగా తట్టాయని ప్రకటించారు. పరీక్షకు కూర్చున్నది 19 మంది. ఇంట్లోని మామూలు వస్తువుకు ఎన్ని ఉపయోగాలు ఊహించగలరన్నది అందులో ఒక పరీక్ష. ఆ ఫలితాన్ని మనం ఒప్పుకోవచ్చు. అయితే ఊహలు ఎక్కువగా తట్టడం వేరు, ఒక ఊహను పట్టుకుని చివరిదాకా రూపమివ్వడం వేరు.

చివరిదాకా పట్టుకోవడమంటే ఏమిటో గురజాడను చూసి నేర్చుకోవాలి. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో జరిగిన కన్యాశుల్క వివాహాల పట్టిక 1034 దాకా వచ్చిందని ఆయన కన్యాశుల్కం ముందుమాటలో చెప్పాడు. ఆ అంకెల వెనకనున్న పసిపిల్లల మీద ఆయన చూపు నిలిచింది. 1892లో నాటకాన్ని ఆడారు, 1897లో అచ్చు వేశారు. అంతటితో తృప్తిపడక, దాన్ని దాదాపు కొత్త నాటకమయ్యేటంతగా తిరగరాసి 1909లో మళ్ళీ ప్రకటించాడు. ఆ పన్నెండేళ్ళ పట్టుదలే తెలుగు రచయిత ఎరిగిన అసలైన సమాధి.

ఇక మనవైపు చూసుకుందాం. సమాధి సడలిన రచన మన పత్రికల్లో లేదా? రైతును ఒక్కరోజు దగ్గరగా చూడకుండా రైతు మీద రాసిన గేయం, సమ్మె వార్త చదివిన గంటకే పూర్తయిన కథ, నినాదం దగ్గరే ఆగిపోయిన పద్యం—ఇవన్నీ అగ్నిమిత్రుడు తప్పుపట్టిన బొమ్మలే. అసలు మనిషి ఎదుటికి వచ్చి నిలబడితే వెలవెలబోయేవే. వస్తువు అభ్యుదయకరమైనంత మాత్రాన ఈ లోపం మాఫీ కాదు. పైగా వస్తువు ఎంత గొప్పదైతే, దానికి మనం బాకీపడిన శ్రద్ధ అంత ఎక్కువ.

కాబట్టి యువరచయితలు ఏకాగ్రతను సాధించవలసిందే. మనసు కుదుటపడడానికి ఎవరైనా కొంతసేపు కళ్ళు మూసుకుంటామంటే మనకు పేచీ లేదు. కళ్ళు తెరిచాక ఎటు చూస్తారన్నదే మన ప్రశ్న. ఆ చూపుకు కావలసిన తీరికనూ, చోటునూ కూలివాడి కొడుక్కీ, వంటింట్లో నలిగే ఆడపిల్లకూ కూడా సంపాదించిపెట్టే పోరాటం సాహిత్యానికి బయటి విషయం కాదు. పనిగంటలు తగ్గాలనే కోర్కె, ప్రతి ఊళ్ళో గ్రంథాలయం ఉండాలనే కోర్కె కావ్యహేతువుల్లో చేరవలసినవే.