ఒక్కసారికే కుదిరిన ఎక్స్‌రే

విశాఖపట్నం దగ్గరి పరవాడలో జవహర్‌లాల్ నెహ్రూ ఫార్మా సిటీ ఉంది, సింహాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. ఇలాంటి చోట్ల ప్రమాదకరమైన ప్రక్రియల్లో పనిచేసేవారికి పన్నెండు నెలలకు మించకుండా వైద్యపరీక్ష చేయించాలని 2025 దాకా అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం చెప్పేది. ఈ పరీక్షల్లో ఛాతీ ఎక్స్‌రే మామూలే. చొక్కా విప్పడం, నిలబడడం, ఊపిరి బిగబట్టడం, వచ్చేయడం. చూసేవాళ్లకు అంతే. ఆ కాసేపట్లో మంచి టెక్నీషియన్ చేసే పని మాత్రం దగ్గరగా చూడదగ్గది.

మనిషిని పలకకు ఎదురుగా నిలబెట్టి, గడ్డం పైకెత్తించి, చేతులు నడుం మీద పెట్టించి, మోచేతులు ముందుకు తోయిస్తారు. అలా తోస్తేనే వీపు మీది రెక్క ఎముకలు ఊపిరితిత్తుల మీంచి పక్కకు తప్పుకుంటాయి. ఎక్స్‌రే గొట్టం దాదాపు 180 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. దగ్గరికి జరిపితే గుండె ఉన్నదానికంటే పెద్దగా పడుతుంది. ఇక ఆ మాట: “గాలి బాగా పీల్చండి బాబూ... ఆపండి... కదలకండి.” సగం నేర్పు ఈ మాట చెప్పే తీరులోనే ఉంది. అర ఊపిరితో తీస్తే ఊపిరితిత్తుల అడుగుభాగం మబ్బు పట్టినట్టు వచ్చి, లేని జబ్బు ఉన్నట్టు కనిపిస్తుంది. నిండా పీల్చితే వెనకవైపు పక్కటెముకలు తొమ్మిదో పదో లెక్కకు అందుతాయి. రెండు కాలర్ బోన్ల లోపలి కొసలు వెన్నుకు సమానదూరంలో ఉన్నాయంటే మనిషి పక్కకు తిరగలేదన్నమాట.

ఇలాంటి పనిని ఎక్స్‌రే విభాగం అధిపతి దేనితో కొలవాలి? రోజుకు ఎన్ని తీశారన్న లెక్క సులువు. కానీ అది యంత్రం ఎంత తిరిగిందో చెబుతుంది, పని ఎలా కుదిరిందో చెప్పదు. నా దృష్టిలో అసలు లెక్క, పనికిరాక మళ్లీ తీసినవెన్ని అన్నది. డిజిటల్ ఎక్స్‌రేలపై అమెరికా వైద్య భౌతిక శాస్త్రవేత్తల సంఘం 2015లో ఇచ్చిన నివేదిక, ఇవి 8 శాతం దగ్గర ఉండాలనీ, 10 దాటితే కారణం వెతకాలనీ సూచించింది. మరీ తక్కువగా ఉన్నా అనుమానించమంది. ఎందుకంటే బాగా రాని బొమ్మల్నే సరిపెట్టుకుని రిపోర్టుకు పంపేస్తూ ఉండవచ్చు. ఈ లెక్క చూపించి టెక్నీషియన్లను తిడితే మర్నాటి నుంచి చెడిన బొమ్మలు చడీచప్పుడు లేకుండా మాయమవుతాయి. కారణం రాయించుకునే చోట పని బాగుపడుతుంది. నిలబెట్టడంలో లోపమా, ఊపిరా, కదలికా, మెడలో గొలుసా? ఊపిరి దగ్గరే ఎక్కువ తప్పుతోందనుకోండి, వచ్చేవారిలో ఒడియా, హిందీ వాళ్లెందరో చూసి, ఆ నాలుగు మాటలు వాళ్ల భాషలో నేర్చుకుంటే చాలు. కొత్త యంత్రం అక్కర్లేదు.

కంటికి దొరకని తప్పు ఇంకొకటుంది. ఫిల్మ్ రోజుల్లో కిరణాలు ఎక్కువైతే ఫిల్మ్ నల్లబడి పట్టిచ్చేది. డిజిటల్‌లో ఆ కాపలా పోయింది. తక్కువైతే బొమ్మ గరుకుగా వస్తుంది, డాక్టరు అడుగుతారు. ఎక్కువైతే ఇంకా నున్నగా వస్తుంది, ఎవరూ అడగరు. అలా మోతాదు నెమ్మదిగా పెరిగిపోతుంది. దీన్ని పట్టేందుకే డీవియేషన్ ఇండెక్స్ అనే అంకె ఉంది: సున్నా అయితే అనుకున్నంత, +3 అయితే దాదాపు రెట్టింపు, -3 అయితే సగం. అణుశక్తి నియంత్రణ మండలి నిబంధనల ప్రకారం యంత్రానికి రెండేళ్లకోసారి నాణ్యత పరీక్ష జరగాలి. రెండు పరీక్షల మధ్య రోగిని కాపాడేది రోజూ ఈ అంకెను చూసే కన్నే. ఆ కన్నున్న టెక్నీషియన్లంటే నాకు ఎనలేని గౌరవం.

పరవాడ పక్కనే అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. క్యాన్సర్ వైద్యంలో ప్రతిసారీ ఒకే తీరుగా బొమ్మ తీసే క్రమశిక్షణ లేకపోతే అడుగు పడదు. కణుతులు మందుకు ఎలా స్పందిస్తున్నాయో కొలిచే 2009 నాటి రెసిస్ట్ ప్రమాణాల ప్రకారం, ఎంచుకున్న కణుతుల కొలతల మొత్తం 30 శాతం తగ్గితే మందు పనిచేస్తున్నట్టు, 20 శాతం పెరిగితే, అదీ కనీసం 5 మిల్లీమీటర్లైనా పెరిగితే, జబ్బు ముదిరినట్టు. మొదటి సీటీ స్కాన్ ఒక తీరుగా, రెండోది ఇంకో తీరుగా తీస్తే ఆ పోలికను నమ్మలేం.

ఛాతీ ఎక్స్‌రేకూ పోలికే ప్రాణం. ఫ్యాక్టరీలో పనిచేసే అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు ఒక్క మాట: కిందటేడు ఫిల్మ్ పారేయకండి. ఈసారి పరీక్షకు వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లి, రెండూ పక్కపక్కన పెట్టి చూడమని డాక్టరుగారిని అడగండి.