రెండు ప్లగ్గులు, ఒక తీగ

సింగపూర్‌లో క్రాంజీ డార్మిటరీలకు వచ్చే మనవాళ్ల సంచిలో ఊళ్లో కొన్న ఫోన్ ఛార్జర్ ఉంటుంది. దాని రెండు గుండ్రటి పిన్నులు అక్కడి సాకెట్‌లోకి ఊరికే దూరవు. పై రంధ్రంలో పెన్ను గుచ్చి, కింది రెండు రంధ్రాల అడ్డురేకులు తెరుచుకోగానే ఛార్జర్‌ను తోసేస్తారు. ఫోన్ ఛార్జ్ అవుతుంది. అయినా ఇది మానుకోవాల్సిన పని.

కరెంటులో తేడా లేదు. ఇక్కడా అక్కడా 230 వోల్టులు, 50 హెర్ట్జ్‌లే. తేడా అంతా ప్లగ్గులో ఉంది. సింగపూర్‌ది 1947 నాటి బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 1363 వారసత్వం. పొడవాటి ఎర్త్ పిన్ను ముందు దూరి అడ్డురేకులను తెరుస్తుంది. తీగ బిగించే ప్లగ్గు లోపలే ఫ్యూజు ఉంటుంది. మన గుండ్రటి పిన్నుల ప్లగ్గులో ఫ్యూజు ఉండదు, భారమంతా బోర్డులోని ఎంసీబీ మీదే. ఇంటి వైరింగ్ మంచిదైతే సరే, కాకపోతే దిక్కు లేదు. ఈ పోటీలో నా ఓటు సింగపూర్ ప్లగ్గుకే. పెన్నుతో తెరిచినప్పుడు ఆ రక్షణ పోతుంది. పైగా పలక పిన్ను కోసం చేసిన రేకులు గుండ్రటి పిన్నును సరిగా పట్టుకోవు. పట్టు వదులైన చోటే వేడెక్కుతుంది.

ఛార్జర్ కొనేటప్పుడు అక్కడ సేఫ్టీ మార్క్, ఇక్కడ బీఐఎస్ గుర్తు కింద ‘ఆర్’తో మొదలయ్యే నంబరు చూడాలి. రెండింటినీ ఆన్‌లైన్‌లో సరిచూసుకోవచ్చు.

కానీ సేఫ్టీ మార్క్ గోడ కరెంటు తాకే సరుకుకే. యూఎస్‌బీ తీగను కొనేవాడే పరీక్షించుకోవాలి. కొన్ని తీగల తొడుగు మీద సన్నటి అక్షరాల్లో ‘28ఏడబ్ల్యూజీ/1పీ, 24ఏడబ్ల్యూజీ/2సీ’ లాంటి ముద్ర కనిపిస్తుంది. మొదటిది డేటా తీగల జత, రెండోది కరెంటు మోసే జత. ఏడబ్ల్యూజీ అంకె పెరిగేకొద్దీ రాగి సన్నబడుతుంది. కరెంటు జత కూడా 28 అయితే, మీటరు తీగలో 2 ఆంపియర్లు నడిచినప్పుడు రానూపోనూ కలిపి సుమారు 0.85 వోల్టు దారిలోనే పోతుంది. ఛార్జర్ 5 వోల్టులు ఇచ్చినా ఫోన్‌కు అందేది 4.15. అదే 24 అయితే పోయేది 0.34 మాత్రమే. ఛార్జర్ పాడైందని పారేసేవాళ్లలో చాలామంది ముందు మార్చాల్సింది తీగనే.

బంకు మంచం పై అంతస్తు నుంచి గోడ దూరం కదా, మూడు మీటర్ల సన్న తీగ కొంటారు. ఫోన్ తీసుకునే కరెంటు తగ్గించుకుంటుంది, తెల్లారినా బ్యాటరీ నిండదు. దూరం పెంచాల్సింది గోడ వైపు. 10 వాట్ల ఛార్జర్ 230 వోల్టుల వైపు లాగేది దాదాపు 0.05 ఆంపియరే, అక్కడ నష్టం లెక్కలోకి రాదు. డార్మిటరీ ఒప్పుకుంటే సేఫ్టీ మార్క్ ఉన్న ఎక్స్‌టెన్షన్, దానికి అక్కడే కొన్న మూడు పిన్నుల ఛార్జర్, మీటరుకు మించని మందపు తీగ. ఊరి ఛార్జర్ ఊరికి వెళ్లినప్పుడు పనికొస్తుంది.