నిలబడిన లారీ బరువెక్కువ

తారు రోడ్డు వేసిన చేత్తోనే మిల్లు ముందు ఆవరణ కూడా వేయించేయొచ్చని మా అత్తిలి చుట్టుపక్కల చాలామందికి గట్టి నమ్మకం. రోడ్ల పనుల్లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయినవాణ్ణి కదా, రైస్‌మిల్లుల వాళ్ళూ కల్యాణమండపాల వాళ్ళూ "ఓసారొచ్చి చూసి వెళ్ళండి బాబాయిగారూ" అని కబురు పెడుతుంటారు. వెళ్ళిన ప్రతిచోటా ఈ నమ్మకంతోనే నాకు పేచీ. రోడ్డు మీద లారీ పోతుంది, ఆవరణలో లారీ నిలబడుతుంది. అదే తారు, అదే కంకర, అదే రోలరు కావచ్చు. పని మాత్రం వేరు.

పోయే లారీ కంటే నిలబడ్డ లారీయే తారుకి ఎక్కువ చేటు. "కదలకుండా ఉన్నది ఏం చేస్తుందండీ?" అంటారు. తారు చూడ్డానికి రాయిలా ఉన్నా స్వభావానికి ద్రవం. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో థామస్ పార్నెల్ అనే భౌతికశాస్త్ర ఆచార్యుడు 1927లో ఒక గాజు గరాటులో తారులాంటిదే అయిన పిచ్ పోసి ఉంచాడు. సుత్తితో కొడితే పెంకులుగా పగిలే సరుకది. మూడేళ్ళాగి గరాటు కాడ కోశాడు. మొదటి చుక్క రాలడానికి 1938 దాకా పట్టింది. తొమ్మిదోది 2014లో పడింది. గట్టిగా ఒక్క దెబ్బ కొడితే రాయి, ఓపిగ్గా వదిలేస్తే నీరు. రోడ్డు మీద చక్రం ఒక చోట ఉండేది రెప్పపాటు కూడా కాదు, తారు దాన్ని రాయిలా మోస్తుంది. అదే లారీ ధాన్యం దిగేదాకా రాత్రంతా ఒకేచోట నిలబడితే తారుకి పారడానికి తీరిక దొరుకుతుంది.

దీనికి మన ఎండలు తోడు. ఇప్పుడు ఎక్కువగా వాడే తారు వీజీ-30. పాత మేస్త్రీలు ఇంకా "అరవై డెబ్బై" అనే అంటారు, 2006లో ఐఎస్ 73 ప్రమాణం మారకముందు లెక్క అది. ఈ రకం తారు కనీసం 47 డిగ్రీల దాకా మెత్తబడకూడదని ప్రమాణం చెబుతుంది. మే నెల మధ్యాహ్నం నల్లటి ఆవరణ పైభాగం 60 దాటుతుంది. దాళ్వా ధాన్యం లారీలు మిల్లు ముందు బారులు తీరేది సరిగ్గా ఆ రోజుల్లోనే. పైగా 2018లో కేంద్రం ఇరుసు బరువు పరిమితి పెంచాక, మూడు ఇరుసుల పది చక్రాల లారీ మొత్తం బరువు 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు చేరింది. ఇది చట్టం ఒప్పుకున్న లెక్క. మిల్లు గేటు దగ్గర కాటా చెప్పే లెక్క గురించి నేను మాట్లాడను.

కాబట్టి నా తీర్పు ముందే చెప్పేస్తాను. బస్తాలు దించే చోట, కాటా ముందు, లారీలు వరుసకట్టి ఆగే చోట తారు వద్దు, సిమెంటు కాంక్రీటు వేయించండి. మిగతా ఆవరణ అంతా తారు చాలు. పెట్రోలు బంకుల వాళ్ళకి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. తారూ డీజిలూ ఒకే ముడిచమురు బిడ్డలు, డీజిలు చుక్క పడ్డచోట తారు కరిగి కంకర లేచిపోతుంది. అందుకే పంపుల చుట్టూ కాంక్రీటో, సిమెంటు పలకలో పరిచి, బయటికి వెళ్ళే దారిలో తారు వేస్తారు. మిల్లు యజమానులు మాత్రం "అంతా ఒకేలా నల్లగా నిగనిగలాడాలండి" అంటారు.

కల్యాణమండపాల సంగతి వేరు. కార్ల వల్ల తారు చెడదు. అమెరికాలో ఇల్లినాయి రాష్ట్రంలో 1958 నుంచి 1960 దాకా లారీలను రాత్రింబవళ్ళు తిప్పి పరీక్షించి తేల్చిన సూత్రం ఒకటుంది: ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకి జరిగే నష్టం దాదాపు పదహారు రెట్లు. పెళ్ళికి వచ్చిన వందలాది కార్లు చేయలేని చేటు, షామియానా సామాను తెచ్చిన ఒక్క లారీ, నీళ్ళ ట్యాంకరు చేసి పోతాయి. అందుకని మండపం వాళ్ళని నేను అడిగే మొదటి ప్రశ్న కార్లెన్ని పడతాయని కాదు, వంటశాలకి లారీ ఏ దారిన వెళ్తుందని. ఆ దారి ఒక్కటీ మందంగా వేసి, మిగతాది పల్చగా వేసినా ఏళ్ళ తరబడి నిలుస్తుంది.

ఇప్పుడు అసలు శత్రువు దగ్గరికి వద్దాం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ నేల వరినేల అయింది. నల్లమట్టి. నీళ్ళు తాగితే ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి దూరేంత పగులుతుంది. ఇలాంటి మట్టి మోయగల శక్తిని ఇంజనీర్లు సీబీఆర్ అనే లెక్కలో చెబుతారు. నానిన నల్లమట్టికి అది రెండు మూడు శాతం మించడం కష్టం. మన ఊళ్ళో ఏ కొత్త వ్యాపారమైనా లేచేది నిన్నటిదాకా వరిచేను అయిన స్థలంలోనే. బుసకతోనో మట్టితోనో మెరక చేస్తారు. ముహూర్తం దగ్గర పడిందని ఆ మెరక మీద ఆ నెలలోనే కంకర పోసి తారు కొట్టేస్తారు. ఒక వానాకాలం గడవకుండా మెరక కుదురుకోదు. కుదురుకోని మెరక మీద వేసిన తారు, గేటు దగ్గర ఒక ఎత్తులో, గోడ దగ్గర ఒక ఎత్తులో తేలుతుంది.

నల్లమట్టి పొంగుని ఆపడానికి కట్టి అనే ఐఐటీ బొంబాయి ఆచార్యుడు చూపిన ఉపాయం ఒకటుంది. దాని మీద పొంగని మట్టిని దట్టమైన పొరగా పరిచి అణగదొక్కడం. కాలువ గట్లకీ పునాదులకీ ఆ పద్ధతి దేశంలో చాలాచోట్ల వాడారు. మనకి ఆ పొంగని మట్టి ఎక్కడో లేదు. ఏలూరు కాలువకి అవతల, తాడేపల్లిగూడెం వైపు మెట్టలో దొరికే ఎర్ర గ్రావెల్ ఆ పనికి వస్తుంది. ఇంకో సరుకు మిల్లుల్లోనే గుట్టలుగా పడి ఉంటుంది: ఊక బూడిద. అందులో 85 నుంచి 90 శాతం సిలికా. సున్నంతో కలిపి నల్లమట్టిలో దున్నితే మట్టి బిగుస్తుందని ఎన్నో పరిశోధనలు చూపాయి. సొంత బూడిదని రోడ్డు వార పారబోయించి, పక్క జిల్లా నుంచి గ్రావెల్ తెప్పించే మిల్లులు నేను చూశాను. తాడేపల్లిగూడెంలో ఎన్ఐటీ ఉంది, భీమవరంలో ఎస్ఆర్‌కేఆర్ ఉంది, రెండుచోట్లా సివిల్ విభాగాలున్నాయి. తారు లారీ పిలిచేముందు మట్టి సంచీ ఒకటి అక్కడికి పంపించి పాళ్ళు కనుక్కుంటే పోయేదేమీ లేదు.

కానీ ఎంత మట్టి మార్చినా పక్క చేలో నీళ్ళు మార్చలేం. సార్వాలో మూడు నాలుగు నెలలు, దాళ్వాలో మళ్ళీ అంతే. ఆవరణ అంచుకి ఆనుకునే నీళ్ళు నిలబడి ఉంటాయి. తారు పైనుంచి తడవడం కంటే కిందినుంచి నానడం ప్రమాదం. కింద కంకర పొర నానిందంటే చక్రం పడ్డప్పుడల్లా బురద పంపులా పైకి తన్నుకొస్తుంది. గుంత పైనుంచి పడదు, కిందినుంచి లేస్తుంది. ఆవరణ చుట్టూ, కంకర పొర అడుగుకంటే లోతుగా, మురుగు కాలువ ఒకటి తవ్వించి దాన్ని ఊరి డ్రెయిన్‌లో కలిపితేనే ఈ జబ్బు తగ్గుతుంది. పైన వాలు వంద అడుగులకి రెండడుగులు ఉండాలి. ఇది యజమానులకి అసలు నచ్చని మాట. నేల సమంగా ఉంటేనే అందం అనుకుంటారు, కాలువకి పెట్టిన ఖర్చు ఎవరికీ కనబడదు అనుకుంటారు. బిల్లులో మొదట కొట్టేసేదీ ఆ పద్దునే. తారు మందం మీద అరంగుళం కోసం గంటసేపు వాదించినవాళ్ళు, మురుగు కాలువని ఒక్క మాటలో తీసేస్తారు.

రాయి సంగతిలో మాత్రం మనం అదృష్టవంతులం. గౌరీపట్నం, పంగిడి క్వారీల్లో దొరికే నల్లరాయి బసాల్టు. దాదాపు 6.6 కోట్ల ఏళ్ళ కిందట దక్కను పీఠభూమి పడమటి వైపున ఉబికిన లావా సుమారు వెయ్యి కిలోమీటర్లు పారి ఇక్కడి దాకా వచ్చిందని, అంత దూరం పారిన లావా భూమ్మీద మరొకటి తెలియదని భూవిజ్ఞానులు చెబుతారు. తెల్లని గ్రానైటు చిప్స్‌కి తడి తగిలితే తారు వదిలేస్తుంది, బసాల్టు దాన్ని గట్టిగా పట్టుకుంటుంది. అంత మంచి రాయిని డస్టుతో కలిపి తెచ్చి పాడుచేస్తాం. పిండి అద్దిన చేతికి జిగురు అంటనట్టే, డస్టు పట్టిన చిప్స్‌కి తారు అంటదు. లోడు దిగగానే గుప్పెడు తీసి అరచేతిలో రుద్ది చూడండి.

వేసే రోజు చూడాల్సినవి మరికొన్ని. తారూ కంకరా కలిపిన మిక్స్, ప్లాంటు నుంచి బయల్దేరేటప్పుడు 150 డిగ్రీలకి పైన ఉంటుంది. పరిచేటప్పుడు 140కి తగ్గకూడదు, 90కి పడేలోపు రోలరు పని ముగించాలి. ప్లాంటు దూరమైతే, రైల్వే గేటు దగ్గర లారీ ఆగిపోతే, చల్లారిన మిక్స్ దిగుతుంది. దాన్ని ఎంత తొక్కించినా లోపల సందులు మిగిలిపోతాయి. అనుభవమున్న మేస్త్రీ థర్మామీటరు లేకుండానే చెబుతాడు. నీలిపొగ వస్తే తారు మాడిందని, ఆవిరి లేస్తే రాయి తడిదని, గుట్ట పోయగానే నూనెలా మెరుస్తూ జారిపోతే తారు ఎక్కువైందని. ఒకప్పుడు ఈ పనికి పాలమూరు నుంచీ, శ్రీకాకుళం నుంచీ ముఠాలు వచ్చేవి. కాళ్ళకి గోనెగుడ్డలు చుట్టుకుని, కట్టెల మంట మీద డ్రమ్ములు మరగబెట్టి, చిల్లుల డబ్బాతో తారు చల్లేవాళ్ళు. ఇప్పుడు యంత్రాలొచ్చాయి. చిన్న ఆవరణల్లో మాత్రం ఈనాటికీ చెప్పుల కాళ్ళతోనే 140 డిగ్రీల మిక్స్ మీద పార లాగుతున్నారు. పని అప్పజెప్పేటప్పుడు బూట్లూ చేతితొడుగులూ ఒప్పందంలో రాయించడం కష్టం కాదు, ఖర్చూ కాదు.

మనవాళ్ళు టెక్సాస్‌లో పిల్లల దగ్గర ఆరునెలలుండి వచ్చి, అక్కడి షాపింగ్ మాల్ ముందు చూసిన నల్లటి ఆవరణ, తెల్లటి గీతలు ఇక్కడా కావాలంటారు. ఆ నలుపు రెండు మూడేళ్ళకోసారి పైన పూసే పూత వల్ల వచ్చేది. అందులోనూ బొగ్గుతారు పూత వానకి కొట్టుకుపోయి వాగుల్లో విషం కలుపుతోందని తేలాక, ఆస్టిన్ నగరం 2006 నుంచి దాన్ని నిషేధించింది. మన ఆవరణల వాననీరు వెళ్ళేది పంట డ్రెయిన్లలోకి, అక్కడినుంచి చెరువుల్లోకి. ఇక్కడ నలుపు కోసం మడ్డి ఆయిలు పూయమని సలహా ఇచ్చే పెద్దలున్నారు. అది తారుని కరిగించడం తప్ప ఇంకేమీ చేయదు. అక్కడివాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సింది నలుపు కాదు, ప్రతి ఏడూ పగుళ్ళు పూడ్చుకునే అలవాటు.

నిర్వహణ అంటే పెద్ద మాటేమీ కాదు. వాన వెలిసిన గంటకి ఆవరణలో ఒకసారి తిరగండి. ఇంకా నీళ్ళు నిలిచిన చోట సుద్దముక్కతో గీత గీయండి. వచ్చే ఏడు గుంత పడేది అక్కడే. సన్న పగులు కనబడితే శుభ్రంగా ఊది, ఎండాకాలంలోనే తారు నింపించండి. గుంత పడితే దాన్ని నలుచదరంగా కోసి, మెత్తబడ్డ మట్టిదాకా తీసి, అడుగుకీ పక్కలకీ పల్చటి తారు పూత (ట్యాక్ కోటు) కొట్టి, పొరలు పొరలుగా నింపి తొక్కించాలి. నీళ్ళున్న గుంతలో పారతో నాలుగు చిప్స్ పోసి లారీ చక్రంతో తొక్కించే ప్యాచ్ పదిహేను రోజులుండదు. ఆకివీడు, కైకలూరు వైపు చేపల షెడ్ల ముందు చూడండి, ఐసు కరిగిన నీళ్ళు పొద్దస్తమానం కారుతూనే ఉంటాయి. అలాంటిచోట ప్యాచ్‌లు వేస్తూ కూర్చోకుండా నేరుగా కాంక్రీటుకి వెళ్ళిపోవడమే చవక.

అన్నిచోట్లా నేల కప్పేయాలన్న పట్టుదలా అక్కర్లేదు. సుబ్రహ్మణ్య షష్ఠికి అత్తిలిలో ఊరంతా బళ్ళే. సంక్రాంతికి కోడిపందేల బరుల పక్కన వందల కార్లు మట్టి మీదే నిలుస్తాయి, ఎండిన నేల వాటిని మోస్తూనే ఉంటుంది. ఏడాదిలో నాలుగు రోజులు నిండే చోటుకి తారు దండగ. ఎర్ర గ్రావెల్ తొక్కించి, చెట్లు నాలుగు ఉంచితే వాననీరూ ఇంకుతుంది, కార్లకి నీడా ఉంటుంది.

ఈ ఏడు ఆవరణ వేయించాలనుకుంటున్నవారికి ఒక్క విన్నపం. వేసవిలో కాలువలు కట్టేశాక, చేలు ఎండి నేలనీరు దిగుతుంది. మన డెల్టాలో ఈ పనికి దొరికే సమయం ఆ కొద్ది వారాలే, జూన్‌లో మళ్ళీ నీళ్ళు వదిలేస్తారు. ఆ వారాల్లో మొదటిదాన్ని తారుకివ్వకండి. ముందు మురుగు కాలువ తవ్వించి, వాలు కొలిపించి, అప్పుడు కాంట్రాక్టరుకి ఫోను చేయండి.