ఎవరు ఎవరిని 'డామినేట్' చేస్తున్నారు?

'డామినేట్' అన్న ఇంగ్లీషు మాట మన సంభాషణల్లోనే కాదు, కథల్లోనూ సమీక్షల్లోనూ స్థిరపడిపోయింది. అర్థం అడిగితే 'ఆధిపత్యం చెలాయించడం' అంటాం. నిఘంటువు ప్రకారం అది సరే. కాని మాటకు అర్థం నిఘంటువు ఒక్కటే ఇవ్వదు. ఎవరు, ఎవరి గురించి, ఏ సందర్భంలో ఆ మాట అంటున్నారన్నది కూడా చూడాలి. అలా చూసినప్పుడు ఈ మాట వాడుకలో ఒక పక్షపాతం నాకు కనిపిస్తోంది. రచయితలు దాన్ని పట్టించుకోక తప్పదు.

'ఆ ఇంట్లో ఆవిడదే డామినేషన్' అంటాం. 'నిన్నగాక మొన్న వచ్చిన గుమాస్తా ఆఫీసరునే డామినేట్ చేస్తున్నాడు' అంటాం. 'కమెడియన్ హీరోను డామినేట్ చేశాడు' అని సినిమా సమీక్షలో రాస్తాం. ఇప్పుడీ వాక్యాలను తిరగేసి చూడండి. హీరో కమెడియన్‌ను డామినేట్ చేశాడని ఎవరూ రాయరు. ఆఫీసరు గుమాస్తాను అదుపులో పెడితే అది ఉద్యోగ ధర్మం. భర్త మాటే సాగే ఇంటి గురించి 'ఆయన కాస్త స్ట్రిక్టు', 'ఆయన మాటంటే మాటే' అని సరిపెడతాం. అంటే పైనున్నవాడి ఆధిపత్యానికి వాడుకలో ఆ పేరు లేదు. కిందనే ఉండాలని మనం అనుకునేవాళ్లు ఒక్క మెట్టు ఎక్కినప్పుడే ఆ పేరు గుర్తొస్తోంది.

ఇది ఇంగ్లీషు తెచ్చిపెట్టిన జబ్బు కాదు. 'ఆడపెత్తనం తంబళి దొరతనం' అని మనకు పాత సామెత ఉంది. తంబళులు శివాలయాల్లో పూజలు చేసే కులం. స్త్రీని, ఒక కులాన్ని ఒక్క దెబ్బతో కించపరిచిన సామెత ఇది. దీని వెనకనున్న లెక్కను గమనించాలి. 'ఆడపెత్తనం' అన్న మాట జనం నోట పుట్టింది. 'మగపెత్తనం' అన్న మాట అలా పుట్టలేదు. మగవాడిది పెత్తనమే కాబట్టి దానికి ముందు 'మగ' అని చేర్చవలసిన పని లోకానికి తోచలేదు. 'పురుషాధిపత్యం' అన్న మాట స్త్రీవాదులు పోరాడి మన వ్యాసాల్లో నిలబెట్టారు. అది వ్యాసం దాటి వీధి అరుగు మీదికి ఇంకా పూర్తిగా చేరలేదు.

మాటల పుట్టుక కూడా ఇక్కడ మనకు పనికొస్తుంది. 'డామినేట్'కు మూలం లాటిన్‌లోని 'దొమినుస్'. అంటే యజమాని. ఆ మాట 'దోముస్', అంటే ఇల్లు, అన్న మాట నుంచి వచ్చింది. భార్యాబిడ్డల మీదా బానిసల మీదా హక్కున్న ఇంటి యజమాని అతడు. నిరంకుశుణ్ణి చెప్పే 'డెస్పాట్' అన్న మాటకు గ్రీకు మూలార్థం కూడా ఇంటి యజమానే. వైదిక భాషలోని 'దంపతి' ఆ గ్రీకు మాటకు చుట్టం. 'దం' అంటే ఇల్లు, 'పతి' అంటే యజమాని. ఈనాడు మనం ఆలుమగలిద్దరినీ కలిపి చెప్పే 'దంపతులు' అన్న మాట పునాదిలో ఒక్క యజమానే ఉన్నాడు. 'ఆధిపత్యం'లో ఉన్నదీ ఆ పతే. ఇన్ని భాషల్లో ఇంటి మగవాడి అధికారం నుంచి పుట్టిన మాటను తీసుకొచ్చి, నోరు విప్పిన ఇల్లాలికి తగిలిస్తున్నాం.

సిద్ధాంత చర్చలో ఇంకో చిక్కు ఉంది. ముస్సోలినీ ప్రభుత్వం 1926లో అరెస్టు చేసిన ఇటలీ కమ్యూనిస్టు నాయకుడు ఆంటోనియో గ్రాంసీ, 1929 నుంచి 1935 వరకు జైల్లో నోటుపుస్తకాలు రాశాడు. బలప్రయోగంతో సాగే అధికారం వేరు, జనం అంగీకారం సంపాదించుకుని సాగే నాయకత్వం వేరు అని వాటిలో చూపించాడు. ఈ రెండోదే 'హెజిమొనీ'. మనం మాత్రం రెండింటికీ 'ఆధిపత్యం' అనే రాస్తున్నాం. వలస ప్రభుత్వం మన దేశంలో ఒప్పించడం కంటే అణచడం మీదే ఎక్కువ ఆధారపడిందని చరిత్రకారుడు రణజిత్ గుహ వాదించాడు. 1997లో వచ్చిన ఆయన పుస్తకం పేరు 'డామినెన్స్ వితౌట్ హెజిమొనీ'. మన అలవాటు ప్రకారం దాన్ని తెనిగిస్తే 'ఆధిపత్యం లేని ఆధిపత్యం' అవుతుంది! 'భావజాల ఆధిపత్యం' అంటే కొంత మెరుగే గాని, అణగి ఉన్నవాడి అంగీకారం అందులో కనిపించదు. నా దృష్టిలో ఆ అంగీకారానికి గట్టి సాక్ష్యం మన వాడుకే. ఏ పెత్తనానికి పేరు పెట్టాలని ఎవరికీ తోచదో, ఆ పెత్తనమే అందరి అంగీకారం పొందింది.

1897లో అచ్చయిన 'కన్యాశుల్కం' చూడండి. పసిపిల్ల సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకు ఇవ్వాలని అగ్నిహోత్రావధాన్లు నిశ్చయిస్తాడు. వెంకమ్మ గోడు అతని చెవికెక్కదు. అతనిది ఒట్టి కోపిష్ఠి స్వభావమేనని చదివితే నాటకం సగమే అర్థమైనట్టు. కోపం అతనిది కావచ్చు, ఆ కోపానికి చెల్లుబాటు ఇచ్చింది మాత్రం శాస్త్రమూ సొమ్మూ లోకాచారమూ. గురజాడ ఆ మూడింటినీ రంగం మీదికి తెచ్చాడు.

మన కథల్లో ఇప్పుడు జరుగుతున్నది దీనికి వ్యతిరేకం. 'ఆమెది డామినేటింగ్ నేచర్' అని ఒక్క వాక్యం రాసి రచయిత తప్పుకుంటాడు. ఇద్దరి మధ్య ఉన్న సంబంధం ఒకరి స్వభావంగా మారిపోతుంది. ఆస్తి ఎవరి పేర ఉంది, జీతం ఎవరి చేతికి వస్తుంది, దెబ్బ ఎవరు తింటారు అన్న ప్రశ్నలు ఆ వాక్యం కిందపడి నలిగిపోతాయి. కూలివాడు భూస్వామి గురించి 'డామినేటింగ్ నేచర్' అనడు. 'జులుం' అంటాడు, 'దౌర్జన్యం' అంటాడు. తెలంగాణ పల్లెల్లో 'దొర' అన్న రెండక్షరాల్లో గడీ, భూమి, వెట్టి అన్నీ ఉండేవి. అజమాయిషీ, దబాయింపు, కర్రపెత్తనం వంటి మాటలు ఒకదానికొకటి బదులు రావు. ఒక్కో మాట ఒక్కో సంబంధాన్ని పట్టి చూపిస్తుంది.

ఇంగ్లీషు మాటను వెలివెయ్యమని నేను అనడం లేదు. పాత్ర నోట అది వస్తే రానివ్వాలి, ఎందుకంటే ఆ పాత్ర ఎక్కడ నిలబడి మాట్లాడుతోందో అది చెబుతుంది. రచయిత తన గొంతుతో రాసేటప్పుడు మాత్రం, ఎవరు, ఎవరి మీద, దేని బలంతో అన్న మూడు ప్రశ్నలకు జవాబు వెతకాలి. జవాబు దొరికితే తగిన మాట దానంతట అదే వస్తుంది. విమర్శకుడి పని ఇంకొంచెం కష్టం. కథలో 'డామినేట్' అన్న మాట ఎవరికి తగిలిందో చూసి ఊరుకోకుండా, అంతకంటే ఎక్కువ పెత్తనం చేస్తూ ఆ మాట పడకుండా తప్పించుకున్నవాడు ఎవరో అతను చూడాలి.