మూపురం ఉన్న తుపాకి

అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యం చేతికి మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచి, దక్షిణాది సైన్యం చేతికి వర్జీనియాలోని రిచ్‌మండ్ నుంచి వచ్చిన తుపాకులు దూరానికి కవలల్లా ఉంటాయి. 40 అంగుళాల గొట్టం, 0.58 అంగుళాల రంధ్రం, గొట్టాన్ని చెక్కకు పట్టి ఉంచే మూడు ఇనుప పట్టీలు. దగ్గరికి తీసుకుని చూస్తే రిచ్‌మండ్ తుపాకి పక్కన, సుత్తికి ముందు, ఇనుప పలక మూపురంలా పైకి లేచి ఉంటుంది. ఆ మూపురం కింద ఏమీ లేదు.

1855 నాటి నమూనాలో అక్కడ మందు చుక్కలు అంటించిన కాగితపు చుట్ట ఉండేది. దీపావళికి పిల్లలు రీలు తుపాకిలో పెట్టి పేల్చే చుట్ట లాంటిదే. తేమ తగిలితే పేలేది కాదు. 1861 నమూనాలో దాన్ని తీసేసి, పలకను చదును చేశారు. అదే ఏడు ఏప్రిల్‌లో, దక్షిణాది చేతికి చిక్కకూడదని, అప్పటి వర్జీనియాలోని హార్పర్స్ ఫెర్రీ ఆయుధాగారానికి నిప్పంటించి ప్రభుత్వ సైనికులు వెళ్లిపోయారు. మంటల్లోంచి దక్కిన యంత్రాలు రిచ్‌మండ్ చేరాయి, వాటితో పాటు మూపురం పలక పాత అచ్చులూ చేరాయి. కొత్త అచ్చు చెక్కాలంటే మంచి ఉక్కు, చెయ్యి తిరిగిన పనివాడు, తీరిక కావాలి. అందుకే ఖాళీ మూపురం అలాగే ఉండిపోయింది. తర్వాత కాస్త ఎత్తు తగ్గించగలిగారు, అంతే.

స్ప్రింగ్‌ఫీల్డ్‌కు ఆ చిక్కు లేదు. 1860లో పది వేల లోపు తుపాకులు చేసిన చోట 1864లో 2,76,000 పైగా చేశారు. చుట్టూ యంత్రాలు చేసే ఊళ్లు ఉన్నాయి. దక్షిణాది పత్తితో బట్ట నేసిన అమోస్కేగ్ కంపెనీ కూడా తన మెషిన్ షాపులో ఇలాంటి తుపాకులే తయారుచేసింది. కార్ఖానాల దేశానికి యుద్ధం ఒక పెద్ద ఆర్డరు.

దక్షిణాది సంపద నేలలోనూ, బానిసలుగా కొన్న మనుషుల్లోనూ ఉంది. ఓడరేవులకు దిగ్బంధం పడ్డాక పత్తి బేళ్లు చాలావరకు గోదాముల్లోనే ఉండిపోయాయి. పత్తిని ఉక్కుగా మార్చే దారి వాళ్లకు దాదాపు మూసుకుపోయింది. ఆ కొరత తుపాకి మీదే కనిపిస్తుంది: భుజానికి ఆనే చివరన ఇనుప రేకు పోయి ఇత్తడి వచ్చింది. 1863 చివర టెనెసీలోని డక్‌టౌన్ రాగి గనులు చేజారాక నార్త్ కరొలైనాలో టర్పెంటైన్, ఆపిల్ బ్రాందీ కాచే రాగి బట్టీలను ఊడదీసి, తుపాకి మందుకు నిప్పందించే చిన్న రాగి టోపీలు (కేపులు) చేశారు. కంచు ఫిరంగుల పోత మానేసి, ఉన్న రాగినంతా కేపులకే మళ్లించారు. పొలం సాగు చేసే సమాజం తన పనిముట్లనే కరిగించుకుంది.

నాకు వీటన్నిటికన్నా విలువైనదిగా తోచేది గొట్టాన్ని సరిచేసే పని. పనివాడు గొట్టాన్ని కిటికీ వైపు పట్టి రంధ్రంలోంచి చూస్తాడు. నున్నటి లోగోడ మీద కిటికీ చట్రం నీడ గీతలా పడుతుంది. గొట్టం వంకర లేకపోతే గీత తిన్నగా సాగుతుంది. ఎక్కడో వెంట్రుకవాసి వంగినా అక్కడ గీత మెలిక తిరుగుతుంది. ఆ చోటు గుర్తుపెట్టుకుని, తీసి, సుత్తితో ఒక్క దెబ్బ, మళ్లీ చూడడం. ఎంత బలంగా కొట్టాలో చెయ్యే చెప్పాలి. ఆ చెయ్యి ఏళ్ల తరబడి పక్కన నిలబడి నేర్చుకుంటేనే వస్తుంది.

స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఒకరు పోతే ఆ చోటికి మరొకరు దొరికేవారు. రిచ్‌మండ్‌లో ఇలాంటివాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటంత మందే. పైగా ముప్పు వస్తే వాళ్లే తుపాకి పట్టి ఊరి కాపలాకు వెళ్లాలి. 1864 మార్చిలో ఉత్తరాది అధికారి డాల్‌గ్రెన్ రిచ్‌మండ్ మీదికి చేసిన దాడిని తిప్పికొడుతూ ఒక గొట్టం సరిచేసే పనివాడు చనిపోయాడు. ఆ ఒక్కడు లేక కొంతకాలం నెలకు వందల తుపాకులు తగ్గాయి.

రిచ్‌మండ్ తుపాకి నిలబెట్టాలనుకున్నది బానిసత్వాన్ని. అందుకు అది ఓడిపోవడమే న్యాయం. అయినా మంటల్లోంచి దక్కిన యంత్రాలతో, కరిగించిన బట్టీలతో, అరకొర చేతులతో అంత నిక్కచ్చిగా గొట్టం తీసిన ఆ పనివాళ్లను తక్కువ చేయలేను. హార్పర్స్ ఫెర్రీలో ముఖ్య మేస్త్రీగా చేసి, ఇంగ్లండులోని ఎన్‌ఫీల్డ్‌లోనూ పని చూసిన జేమ్స్ బర్టన్ దక్షిణాది ఆయుధశాలలను నడిపాడు. అతనికి పని తెలుసు. వెనక సరఫరా లేదు.

1865 ఏప్రిల్‌లో రిచ్‌మండ్ ఖాళీ చేస్తుండగా లేచిన మంటల్లో ఆ ఆయుధశాల కాలిపోయింది. అదే ఏడు స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ముఖ్య మేస్త్రీ ఎర్స్‌కిన్ ఆలిన్, ముందు నుంచి మందు కూరే తుపాకులను వెనక నుంచి తూటా పెట్టేలా మార్చే పనిలో ఉన్నాడు.